పాట వినడానికి వెళ్ళొస్తా

డీజే అనే మాటకి ఇవాళ మన ఊళ్ళల్లో ఒకటే అర్థం. పెళ్ళి ఊరేగింపులోనో, వినాయక నిమజ్జనంలోనో లారీ మీద బీరువాలంత స్పీకరు పెట్టెలు పేర్చి, వీధిలోవాళ్ళ కిటికీ తలుపుల్నీ, ముసలివాళ్ళ గుండెల్నీ ఒక్కసారే దడదడలాడించే సరంజామా! అంచేత ఎవరైనా "మీరు నవలలు రాయకముందు ఏం చేసేవారండీ?" అని అడిగినప్పుడు, "అమెరికాలో రెండేళ్ళు డీజేగా ఉన్నానండీ" అన్నాననుకోండి, నన్ను ఆపాదమస్తకం ఒకసారి పరకాయించి చూస్తారు. నేత చీరె, కళ్ళజోడు, చేతిలో కూరల సంచీ. ఈవిడ లారీ ఎక్కి గెంతిందా అని వాళ్ళ అనుమానం.

అంత ఘనకార్యం ఏమీ చెయ్యలేదు లెండి. అమెరికాలో చాలా కాలేజీలకి సొంత రేడియో స్టేషన్లున్నాయి. ఎఫ్.ఎం.లో 88 నుంచి 92 దాకా ఉన్న నంబర్లు అక్కడ లాభం కోసం కాకుండా నడిచే స్టేషన్లకి విడిచిపెట్టారు. కాలేజీ స్టేషన్లు ఎక్కువ భాగం ఆ మూలనే కాపురం ఉంటాయి. వాటిల్లో పిల్లలే మేనేజర్లు, పిల్లలే అనౌన్సర్లు. రికార్డులు వేసి మధ్యలో నాలుగు మాటలు చెప్పేవాళ్ళని అక్కడ డీజేలంటారు. జీతం ఉండదు. వ్యాపార ప్రకటనలు ఉండవు. స్టేషనుకి సాయం చేసిన దుకాణం పేరు చెప్పి కృతజ్ఞతలు చెప్పచ్చు కాని, "వెళ్ళి కొనుక్కోండి" అనకూడదు, ధర అసలే చెప్పకూడదు. గంట గంటకీ స్టేషను పేరూ ఊరి పేరూ చెప్పి తీరాలి. పొద్దున్న 6 నుంచి రాత్రి 10 దాకా బూతు మాటలున్న పాట వెయ్యకూడదు. 10 దాటితే పిల్లలందరూ నిద్రపోతారని ఆ ప్రభుత్వానికి గట్టి నమ్మకం.

నేను 2002లో ఎం.ఏ. చదవడానికి ఒహైయో రాష్ట్రంలోని క్లీవ్‌లండ్ వెళ్ళాను. ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న ఊరు. చలికాలంలో సరస్సు మీదనుంచి వచ్చే గాలికి ఏలూరు పిల్ల ప్రాణం ఏమవుతుందో మీరే ఊహించుకోండి. మా కాలేజీ భవనాల్లో ఒకదాని నేలమాళిగలో రేడియో స్టేషను ఉండేది. గోడల నిండా నేలనుంచి కప్పుదాకా రికార్డులు, సీ.డీ.లు. ఎవరైనా చేరచ్చు అని కాయితం అంటించి ఉంటే చేరాను. రెండు నెలలు నేర్పించి, నిబంధనల మీద ఒక పరీక్ష పెట్టి, కొత్తవాళ్ళకి ఎప్పుడూ ఇచ్చే ముహూర్తమే నాకూ ఇచ్చారు. బుధవారం తెల్లవారుజామున 2 నుంచి 5 దాకా.

ఆ వేళప్పుడు మెలకువగా ఉండేది దొంగా, నర్సూ, పరీక్షకి చదివే పిల్లాడూను. వాళ్ళలో నా ప్రోగ్రాం ఎవరు వినేవారో నాకు తెలీదు. గాజు గదిలో ఒక్కదాన్నీ కూర్చుని, మైకు ముందు "ఇప్పుడు మీరు విన్న పాట" అని చెప్తూ, ఇంతకీ ఈ "మీరు" ఎవరా అనుకునేదాన్ని. అక్కడ రాత్రి 2 అంటే చలికాలంలో ఏలూరులో మధ్యాహ్నం పన్నెండున్నర. మా అమ్మ నాన్నగారికి వడ్డించి, తను కంచం ముందు కూచునే వేళ. కూతురు భూమికి అవతలి పక్క చీకట్లో కూచుని ఎవరితోనో మాట్లాడుతోందని ఆవిడకి తెలుసు. ఎవరితోనన్నది ఆవిడకీ తెలీదు, నాకూ తెలీదు.

ఇహ కచేరీల సంగతి. ఊళ్ళో జరిగే కచేరీలకి హాళ్ళవాళ్ళు మా స్టేషనుకి రెండేసి టిక్కెట్లు పంపేవారు. "ఫోను చేసిన మూడోవారికి రెండు టిక్కెట్లు" అని మేం మైకులో చెప్పాలి. పగటి ప్రోగ్రాముల్లో అరనిమిషంలో మూడు ఫోన్లూ వచ్చేసేవి. నా వేళకి మూడో ఫోను రావడానికి నలభై నిమిషాలు పట్టేది. ఒక్కోసారి ఒకడే మూడుసార్లు చేసేవాడు. ఇచ్చేసేదాన్ని, పాపం!

టిక్కెట్లు కాక, డీజేల పేర్లు కూడా హాలు గుమ్మం దగ్గర అతిథుల జాబితాలో రాయించేవారు. మొదట్లో నేను వెళ్ళకుండా తప్పించుకుంటూంటే మా స్టేషను మేనేజరు కుర్రాడు, నాకంటే రెండేళ్ళు చిన్నవాడు, ఒకనాడు నిలేశాడు. "వాళ్ళ పాట నువ్వే వేస్తావు. వెళ్ళి వినండని ఊరందరికీ నువ్వే చెప్తావు. నువ్వు మాత్రం వెళ్ళవు. ఇదేం న్యాయం?" అన్నాడు.

వాడికేం తెలుసు? రాత్రి 9 గంటలకి మొదలై ఒంటిగంటకి అయ్యే కచేరీకి ఆడపిల్ల ఒక్కతీ వెళ్ళడమంటే, మా ఇంటి చరిత్రలో అది ఎన్నో అధ్యాయమో వాడికేం తెలుసు?

ఇక్కడ మా అమ్మ గురించి చెప్పాలి. అమ్మకి సంగీతం ప్రాణం. పదిహేనో ఏట పెళ్ళవడంతో వర్ణాల దగ్గర పాఠం ఆగిపోయింది. ఆ తరవాత ఆవిడ గురువుగారు రేడియోయే. విజయవాడ కేంద్రం 1948లో మొదలైంది, అమ్మకంటే కాస్త పెద్దది. పొద్దున్నే భక్తిరంజనితో కాఫీ కాచేది. శనివారం రాత్రి తొమ్మిదిన్నరకి ఢిల్లీనుంచి వచ్చే జాతీయ సంగీత కార్యక్రమం, నాన్నగారి నిద్ర చెడకుండా రేడియోని వంటింట్లో బియ్యం డబ్బా మీద పెట్టి, దానికి చెవి ఆనించి వినేది. శ్రోతల్ని పిలిచి వాళ్ళ ఎదుట చేయించిన కచేరీలు వేసినప్పుడు పాట చివర చప్పట్లు వినపడేవి కదా, అప్పుడు అమ్మ మొహం అదోలా అయిపోయేది. "ఎవరో అదృష్టవంతులు" అనేది. పాడినవాళ్ళ గురించి కాదండోయ్. చప్పట్లు కొట్టినవాళ్ళ గురించి!

నాన్నగారికి సంగీతమంటే కోపం ఏమీ లేదు. రాత్రి తొమ్మిది దాటాక వీధి తలుపు తీసి ఉంటే కోపం. అంతే. కచేరీలేమో ఆ తొమ్మిదికే రసకందాయంలో పడతాయి. శ్రీరామనవమి పందిట్లో ఎవరో గొప్పవారు పాడుతున్నారని తెలిసినా, అమ్మ అరుగు మీద నిలబడి గాలివాటున వచ్చే రెండు ముక్కలు విని లోపలికి వచ్చేసేది. అలా ముప్ఫై ఏళ్ళు పాట ఇంటికి వచ్చిందే కాని, అమ్మ పాట దగ్గరికి వెళ్ళలేదు. రేడియో మన ఆడవాళ్ళకి చేసిన ఉపకారం చిన్నదేం కాదు. కాని దాన్ని చూపించి, "ఇంట్లోనే వస్తుంటే మళ్ళీ వెళ్ళడం ఎందుకూ?" అని గుమ్మానికి గొళ్ళెం పెట్టిన ఇళ్ళు కూడా ఉన్నాయి.

అందుకని, మేనేజరు కుర్రాడు నిలేసిన మర్నాడు ఐదు డాలర్ల ఫోను కార్డు గీకి అమ్మకి చెప్పాను, కచేరీకి వెళ్దామనుకుంటున్నానని.

"రాత్రిపూటా? నువ్వొక్కదానివేనటే?" అంది.

"స్టేషనువాళ్ళు నలుగురం వెళ్తామమ్మా. ఒకే కారులో వెళ్ళి ఒకే కారులో వస్తాం."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. కార్డులో నిమిషాలు కరిగిపోతున్నాయి. చివరికి, "వెళ్ళు. వెళ్ళి ఎలా ఉందో నాకు చెప్పు. నాన్నగారికి చెప్పకు" అంది.

నా మొదటి కచేరీ బీచ్‌లాండ్ బాల్‌రూం అనే హాల్లో. ఒకప్పుడు క్రొయేషియానుంచి వలస వచ్చినవాళ్ళు కట్టుకున్న సంఘ భవనం అది. వాళ్ళు అక్కడ పెళ్ళిళ్ళూ, విందులూ, నాట్యాలూ జరుపుకునేవారట. 2000లో దాన్ని కచేరీల హాలుగా మార్చారు. గుమ్మం దగ్గర జాబితా పట్టుకున్న మనిషి నా పేరు వెతకడానికి పడ్డ అవస్థ చెప్పలేను. మన ఇంటిపేర్లు వాళ్ళకి కొరుకుడు పడవు కదా! చివరికి వేలు పెట్టి నేనే చూపించాను. చేతి మీద ముద్ర కొట్టి లోపలికి వదిలాడు.

లోపల చప్పుడు! స్టేషను పిల్లలు ముందే హెచ్చరించి చెవుల్లో పెట్టుకునే స్పాంజి బిళ్ళలు ఇచ్చారు. 100 డెసిబెల్స్ చప్పుడులో పావుగంటకి మించి ఉంటే వినికిడికి ప్రమాదమని అక్కడి ఆరోగ్య సంస్థ లెక్క కట్టింది. రాక్ కచేరీలు ఆ నూరుని సునాయాసంగా దాటేస్తాయి. తరవాత ఈ ముక్క చెప్తే అమ్మ తెల్లబోయింది. "చెవులు మూసుకుని పాట వినడమేమిటే, ముక్కు మూసుకుని సంపెంగ వాసన చూసినట్టు!" అంది.

ఆ కచేరీల పద్ధతి ఏమిటంటే, అసలు పెద్ద బృందం కంటే ముందు ఒకటో రెండో చిన్న బృందాలు పాడతాయి. ఎవరూ పేరు వినని పిల్లలు. ఏ ఆరువందల మైళ్ళ దూరాన్నుంచో పాత వ్యానులో వాయిద్యాలూ, దుప్పట్లూ వేసుకుని వస్తారు. జనం అప్పటికింకా హాల్లోకి రారు. వచ్చినవాళ్ళు బారు దగ్గర కబుర్లాడుకుంటూంటారు. ఆ రాత్రి మొదటి బృందం ఎదుట నిలబడ్డవాళ్ళని లెక్కపెట్టాను. పదకొండుమంది. అందులో నలుగురం మేమే.

అయినా ఆ గిటారు పట్టుకున్న అమ్మాయి పదకొండు వేలమంది ఉన్నట్టే పాడింది. వాళ్ళ సీ.డీ.ని నేను రెండు వారాలు వేశాను. రేడియో గదిలో అది ఒక పాట, అంతే. ఇక్కడ చూస్తే పై స్థాయికి వెళ్ళే ముందు ఆ పిల్ల మెడమీద నరం బిగుసుకోవడం కనిపించింది. పాట అయ్యాక, కొడతారో కొట్టరో అన్నట్టు మా వంక చూసిన చూపు కనిపించింది. మేం కొట్టాం. పదకొండుమంది చప్పట్లు పెద్ద హాల్లో ఎలా వినపడతాయో తెలుసునా? మూకుట్లో ఆవాలు చిటపటలాడినట్టు. అయినా ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

కచేరీ అయ్యాక, సామాన్లు సర్దుకుంటున్న ఆ అమ్మాయితో, నీ పాట రేడియోలో వేసేదాన్ని నేనేనని చెప్పాను. "ఓ! మా పాట వినేవాళ్ళున్నారన్నమాట" అంది. నేను రాత్రి రెండింటికి మైకు ముందు కూచుని పడే అనుమానమే ఆ పిల్లదీను. అప్పుడు తెలిసింది నాకు, కచేరీకి వెళ్ళడం వేడుక మాత్రమే కాదని. అది మనం ఇచ్చి రావలసిన హాజరు. పాడేవాళ్ళ పని పాడటమైతే, వినేవాళ్ళకీ ఒక పని ఉంది. సమయానికి వెళ్ళి ఎదురుగా ఉండటం.

దీనికి వాళ్ళని ఆడిపోసుకోనక్కర్లేదు. మద్రాసులో డిసెంబరు కచేరీల్లో తని ఆవర్తనం మొదలవగానే మనవాళ్ళు చేసే పని ఏమిటి? మృదంగం ఆయన చేతులు అరిగిపోయేలా వాయిస్తూంటే, సగం హాలు లేచి క్యాంటీనుకి నడుస్తుంది. అక్కడ బీరూ, ఇక్కడ కాఫీ. తక్కినదంతా ఒకటే.

రేడియోకీ కచేరీకీ ఉన్న చుట్టరికం ఆ ఊరికి కొత్త కాదు. 1952లో క్లీవ్‌లండ్ రేడియోలో అలన్ ఫ్రీడ్ అనే అనౌన్సరు అర్ధరాత్రి వేళ నల్లవాళ్ళ పాటలు వేసేవాడు. ఆ ఏడు మార్చి 21న తన శ్రోతల కోసం ఒక కచేరీ ఏర్పాటు చేశాడు. హాలు పట్టేది పదివేలమంది. వచ్చింది ఇరవైవేల చిల్లర అని చెప్తారు. తలుపులు విరిగాయి, తొక్కిసలాట, పోలీసులు వచ్చి మొదట్లోనే ఆపించేశారు. మొట్టమొదటి రాక్ కచేరీ అదేనని చాలామంది లెక్క. నాకు ఆ కథలో నచ్చేది తొక్కిసలాట కాదు. రాత్రిపూట గాజు గదిలో ఒంటరిగా మాట్లాడిన మనిషికి, తన "మీరు" ఎంతమందో ఒక్కసారే కళ్ళకి కనపడింది చూశారూ, అదీ!

ఆ రెండేళ్ళల్లో చాలా కచేరీలకి వెళ్ళాను. పక్క యూనివర్సిటీవాళ్ళ స్టేషను ఏటా సెప్టెంబరులో ఆరుబయట రోజంతా ఉచితంగా కచేరీలు పెట్టి, వాటిని అప్పటికప్పుడు రేడియోలో ప్రసారం చేసేది. దాని పేరు "స్టూడియో-ఎ-రామా". ఈ పేరు ఫోనులో చెప్తే అమ్మ, "అయితే అక్కడా రామనవమి పందిరి వేస్తారన్నమాట" అంది. నవ్వాను కాని, ఆలోచిస్తే ఆవిడ అన్నదే నిజం. టిక్కెట్టు లేదు, కుర్చీలు లేవు, గడ్డిలో దుప్పటి పరుచుకుని పిల్లల్ని ఒళ్ళో వేసుకుని కూచున్న తల్లులు. మన పందిరి కానిదేమిటి? పానకం, వడపప్పు తక్కువ.

2003 శరత్తులో వ్యానులో ఎనిమిది గంటలు ప్రయాణం చేసి న్యూయార్కు కూడా వెళ్ళాం. కాలేజీ రేడియోలవాళ్ళ పత్రిక ఒకటి, సీ.ఎం.జే. అని, ఏటా అక్కడ పెద్ద ఉత్సవం చేసేది. ఊరంతా డజన్లకొద్దీ క్లబ్బుల్లో రాత్రంతా కచేరీలు. మెడలో బిళ్ళ ఉంటే ఎక్కడికైనా వెళ్ళచ్చు. ఆ ఉత్సవం 2015తో ఆగిపోయింది. నాకు మిగిలిన జ్ఞాపకం కాళ్ళనొప్పులు. పెళ్ళిళ్ళ సీజనులో ఒకే రాత్రి ఏడు పెళ్ళిళ్ళకి అక్షింతలు వేసి వచ్చినట్టు, ఎక్కడా భోజనం చెయ్యలేదు.

అన్నీ సుఖమేనని చెప్తే మీరు నమ్మరు, నమ్మకూడదు కూడా. ఆడవాళ్ళ సంగతి అక్కడా అంతంతమాత్రమే. ఒక హాలు గుమ్మంలో నిలబడ్డ మనిషి జాబితా చూడకుండానే, "నువ్వు ఏ బృందంలో కుర్రాడి తాలూకు?" అని అడిగాడు. రేడియో స్టేషను తాలూకు అన్నాను. "అంటే డీజే నీ స్నేహితుడా?" అన్నాడు. ఆడపిల్ల ఎవరో ఒకరి తాలూకు కాకుండా, కేవలం పాట తాలూకు అయి ఉండచ్చని అతనికి తట్టలేదు. మా స్టేషను ఆడపిల్లలం ఒక ఒప్పందం చేసుకున్నాం. ఇద్దరికి తక్కువగా వెళ్ళకూడదు. ఒకరు వెళ్దామంటే రెండోవాళ్ళు ఇంకొక్క పాట అనకూడదు. ఇంటికి చేరి ఫోను చేసేదాకా ఎవరూ పడుకోకూడదు. ఈ మూడు సూత్రాలూ ఫోనులో చెప్పాకే అమ్మకి ధైర్యం చిక్కింది.

ప్రతి కచేరీ అమ్మకి పూస గుచ్చినట్టు చెప్పాలి. ఏం కట్టుకున్నారు? ఎవరు మొదలెట్టారు? జనం ఎంతమంది? మధ్యలో నీళ్ళు తాగారా? ఏ దేశపు పాటో, ఏ భాషో ఆవిడకి తెలీదు. అయినా రేడియోలో వినపడని వాటినన్నిటినీ అడిగేది. ముప్ఫై ఏళ్ళుగా దాచుకున్న ప్రశ్నలన్నమాట.

ఒక రాత్రి మా స్టేషను బీరువాలో వెతుకుతూంటే మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ గారి సీ.డీ. దొరికింది. 1995లో వచ్చిన "డ్రీమ్". దాన్ని మూడు గంటలవేళ వేశాను. ఐదు నిమిషాలు కాకుండానే ఫోను మోగింది. ఎవరో ఆవిడ. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే నర్సు, తమిళావిడ. "ఈ వేళప్పుడు, ఈ ఊళ్ళో, ఇది ఎవరమ్మా వేస్తున్నది?" అంది. గొంతు వణుకుతోంది. ప్రతి బుధవారం నా ప్రోగ్రాం వింటుందిట. నా పేరు తనకి తెలియని పద్ధతిలో పలుకుతున్నానేమో, మనదేశం పిల్లననుకోలేదుట. మీకు నవ్వు రావచ్చు కాని, ఆ రోజు నా "మీరు" ఎవరో తెలిసి, రికార్డు అయిపోయినా చూసుకోకుండా అలాగే కూచున్నాను. ఆవిడే చెప్పింది, ఏప్రిల్లో ఈస్టరు రోజుల్లో క్లీవ్‌లండ్ స్టేట్ యూనివర్సిటీలో త్యాగరాజ ఆరాధన జరుగుతుందని. 1978 నుంచి ఏటా చేస్తున్నారు. ఇంచుమించు పది రోజుల ఉత్సవం. మనదేశాన్నుంచి హేమాహేమీలు వస్తారు.

2004 ఏప్రిల్లో అమ్మ వచ్చింది. నా చదువు పూర్తవుతోందని చూడ్డానికి వచ్చానని అందరికీ చెప్పింది. నాన్నగారికి సెలవు దొరకలేదు. వచ్చిన నాలుగో రోజునే, చలికోటు మీద శాలువా, శాలువా మీద మఫ్లరు చుట్టి ఆరాధనకి తీసుకెళ్ళాను. యాభై ఏళ్ళు దాటిన మనిషి పెళ్ళయిన తరవాత మొదటిసారి కచేరీ హాలు గుమ్మం దాటడం. కుడికాలు ముందు పెట్టి మరీ లోపలికి వచ్చింది.

పంచరత్న కీర్తనలు అందరూ కలిసి పాడతారు. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. మొదటిది సంస్కృతం, మిగిలిన నాలుగూ తెలుగు. వేదిక మీద విద్వాంసులు, కింద మనలాంటివాళ్ళు. చాలామంది చేతుల్లో పుస్తకాలు. తెలుగు మాటల్ని తమిళ అక్షరాల్లోనూ, ఇంగ్లీషు అక్షరాల్లోనూ రాసుకున్నారు. అమెరికాలో పుట్టిన చిన్న చిన్న పిల్లలు మన భాష ఒక్క ముక్క రాకపోయినా తప్పు లేకుండా పాడుతున్నారు. అమ్మ చేతిలో పుస్తకం లేదు. మొదటి కీర్తన పెదాలు కదుపుతూ పాడింది. రెండోదానికి గొంతు కాస్త బయటికి వచ్చింది. ఆరభికి వచ్చేసరికి, బియ్యం డబ్బా దగ్గర ముప్ఫై ఏళ్ళు లోపల్లోపలే పాడుకున్న మనిషి, నా పక్కన నిటారుగా కూచుని నోరారా పాడింది.

నర్సుగారు ఆ రోజు వచ్చింది. కీర్తనలయ్యాక అమ్మ పక్కకి చేరి, "అక్కా, ఈ మాటకి అర్థం ఏమిటి?" అని వచ్చీ రాని తెలుగులో పుస్తకం చూపించింది. అది చూసి ఇంకో ఇద్దరు జరిగారు. తన జన్మలో నాన్నగారి చొక్కా గుండీల గురించి తప్ప ఇంకెవరూ ఏమీ అడగని మా అమ్మ, అరగంటసేపు త్యాగయ్యగారి తెలుగు విప్పి చెప్పింది.

అమ్మకి ఆ రోజు నేను బెంగుళూరు నాగరత్నమ్మగారి కథ చెప్పాను. త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందిన చోటు తిరువయ్యారులో పాడుపడి ఉంటే, 1920లలో ఆవిడ తన సొంత సొమ్ముతో గుడి కట్టించింది. తీరా ఆరాధనలో ఆడవాళ్ళు పాడటానికి వీల్లేదన్నారు. ఆవిడ ఏడుస్తూ కూచోలేదు. ఆడవాళ్ళందరినీ కూడగట్టి వేరేగా ఆరాధన జరిపించింది. 1940 ప్రాంతంలో వర్గాలన్నీ కలిశాకనే అందరిదీ ఒకటే ఆరాధన అయింది. అంతా విని అమ్మ, "గుడి కట్టించినావిడకే గుమ్మం దగ్గర అడ్డంకి వస్తే, నాకు రావడం వింతేముందే!" అంది. ఇన్నేళ్ళల్లో ఆవిడ నోట నేను విన్న ఫిర్యాదు అదొక్కటే.

ఆ సాయంత్రం ఒక పెద్ద కచేరీ. మొదటి పాట పూర్తయి హాలు హాలంతా చప్పట్లు మారుమోగాయి. అమ్మ కొడుతూ నా వైపు వంగి, "ఇది రేడియోలో వస్తుందిటే?" అని అడిగింది.

"రాదమ్మా."

"పోనీలే. వచ్చుంటే అందులో నావి కూడా ఉండేవి."

ఇది జరిగి ఇరవై ఏళ్ళు దాటింది. ఇప్పుడు ఆ కాలేజీ రేడియోలకే కష్టకాలం వచ్చింది. హ్యూస్టన్‌లో రైస్ యూనివర్సిటీ పిల్లల స్టేషను తరంగాన్ని 2011లో వేరే యూనివర్సిటీకి అమ్మేశారు. పిల్లలు పట్టు వదలకుండా 2015లో చిన్న ట్రాన్స్‌మిటరుతో మళ్ళీ మొదలెట్టారు. క్లీవ్‌లండ్ స్టేట్‌వారి స్టేషను డబ్ల్యు.సి.ఎస్.బి. 1976 నుంచి పిల్లలు నడిపినది. 2025 అక్టోబరులో దాని నిర్వహణ ఒక పబ్లిక్ మీడియా సంస్థకి ఇచ్చేశారు. ఇప్పుడు అందులో జాజ్ సంగీతం వస్తోంది. జాజ్ మంచి సంగీతమే, కాదనను. కాని రాత్రి మూడింటికి ఏలూరు పిల్ల ఒకతె వచ్చి, ఎవర్నీ అడక్కుండా పాలకొల్లు మాండలిన్ వేసే వీలు ఉంటుందా అన్నది నా బెంగ. ఎవరో ఒక తెలియని పిల్ల, తెలియని పాట వేస్తే, ఆ పాట తాలూకు మనుషులు ఊళ్ళో ఎక్కడో ఉలిక్కిపడి లేచి ఫోను దగ్గరికి వస్తారు. ఏది నచ్చుతుందో ముందే లెక్క కట్టి మనకి వడ్డించే ఈనాటి సెల్‌ఫోను యంత్రాలకి ఆ ఉలికిపాటు తెలీదు.

అమ్మ సంగతి చెప్పలేదు కదూ. ఏలూరు తిరిగి వెళ్ళిన ఏడాది శ్రీరామనవమి పందిట్లో ఒక గాత్ర కచేరీ ఉందని తెలిసింది. సాయంత్రమే వంట చేసి మూతలు పెట్టి, చీరె మార్చుకుని, "పాట వినడానికి వెళ్ళొస్తా" అని నాన్నగారితో చెప్పిందట. వెళ్ళనా అని అడగలేదు, వెళ్ళొస్తా అని చెప్పింది. గమనించండి. నాన్నగారు గడియారం వంకా, వీధి తలుపు వంకా చూసి, చివరికి టార్చిలైటు పట్టుకుని వెనకాలే బయల్దేరారు. మూడో ఏటికి ముందు వరసలో ఇద్దరికీ రెండు కుర్చీలు ఖాయమైపోయాయి. ఈమధ్య నాన్నగారే అంటున్నారు, "మీ అమ్మకి తని ఆవర్తనం మధ్యలో లేచేవాళ్ళంటే ఒళ్ళుమంట. కాఫీ కూడా తాగనివ్వదు" అని.

చెప్పొచ్చేదేమిటంటే, మీ ఊళ్ళో కూడా ఏదో సభలోనో, గుళ్ళోనో, స్కూలు హాల్లోనో ఎవరో ఒకరు పాడబోతూనే ఉంటారు. పేరు విననివాళ్ళే అయి ఉంటారు. మీ పనులన్నీ తెముల్చుకుని వెళ్దామంటే అవి ఈ జన్మకి తెమలవు. కాబట్టి కూర రేపు తరుక్కోవచ్చు. కొంచెం ముందుగా వెళ్ళండి. మొదటి పాట పాడే పిల్ల ఎదుట పదకొండుమందే ఉంటే, మీరు పన్నెండోవారు అవుతారు.